పెంపు ఆపితే అది కోత కాదా?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పెన్షనర్ల సంఘం మిత్రులకు నమస్కారం.

పెన్షనర్ల దినోత్సవం నాడు నకారా కేసు గురించి మాట్లాడటం ఆనవాయితీ. పింఛను సర్కారు దయ కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. అందుకని ఇవాళ ఆ జోలికి పోను. చేతికొచ్చిన పింఛను ధరల ముందు నిలబడుతుందా, నిలబెట్టే డబ్బు తగ్గించాలని ఎవరు, ఎలా చూస్తారు అన్నదే నా విషయం.

నెలనెలా ఇస్తున్న పింఛనులో వెయ్యి తగ్గిస్తున్నామని ఏ మంత్రీ ప్రకటించడు. పెరగాల్సింది పెంచకుండా ఊరుకుంటే సరిపోతుంది. 2020 ఏప్రిల్ 23న కేంద్ర ఆర్థిక శాఖ అదే చేసింది. ధరలు పెరిగేకొద్దీ ఆరు నెలలకోసారి ఉద్యోగుల జీతం మీద పెంచే కరువు భత్యాన్ని (డీఏ), బేసిక్ పింఛను మీద శాతంగా పెంచే కరువు సాయాన్ని (డీఆర్) కరోనా కారణంగా మూడు విడతలు నిలిపేసింది. అప్పటికి డీఆర్ 17 శాతం. 2021 జులైలో ఒకేసారి 28 చేశారు. పేపర్లో పెద్ద అక్షరాల్లో వచ్చేసరికి మనలో కొందరు మిఠాయిలు కూడా పంచారు. మధ్యలో పోయిన 18 నెలల మాటేమిటి?

కేంద్ర ప్రభుత్వంలో రిటైరై 20,000 బేసిక్ పింఛను తీసుకుంటున్న వ్యక్తి లెక్క చూద్దాం. మొదటి ఆరు నెలలు 21 శాతం రావాలి, 17 వచ్చింది. నెలకు 800 తక్కువ. తర్వాతి ఆరు నెలలు 24 రావాలి, నెలకు 1,400 తక్కువ. ఆఖరి ఆరు నెలలు 28 రావాలి, నెలకు 2,200 తక్కువ. మొత్తం 26,400 రూపాయలు. దీనివల్ల ఖజానాకు మిగిలింది 34,402 కోట్లని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. బకాయిలు ఇచ్చే ఆలోచన లేదని కూడా చెప్పింది.

లాక్‌డౌన్‌లో ప్రభుత్వం దగ్గర డబ్బు లేదంటే ఒప్పుకుంటాను. ఆపడం వేరు, ఎగ్గొట్టడం వేరు. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలు, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేస్తే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 6 శాతం వడ్డీ కట్టమని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆలస్యమైన పింఛనుకు వడ్డీ వచ్చింది, ఆగిన డీఆర్‌కు అసలే రాలేదు.

మన రెండు రాష్ట్రాల్లో పద్ధతి ఇంకా సులువు. ఆపేశామని ఎవరూ అనరు, ప్రకటించరంతే. ఎప్పటికో ప్రకటించినా బకాయిలు వాయిదాల్లో. ఏ పార్టీ ఉన్నా ఇదే తంతు. ఆ వాయిదాలు తీరేలోగా పెన్షనరే పోతే, ఆ డబ్బు కోసం ఇంటావిడ ట్రెజరీ చుట్టూ తిరగాలి.

అమెరికాలో ఈ గొడవ మనకంటే బాహాటంగా జరిగింది. 1985 మేలో సోషల్ సెక్యూరిటీ పింఛన్ల వార్షిక పెంపును ఏడాదిపాటు ఆపే బడ్జెట్ తీర్మానం సెనేట్‌కు వచ్చింది. అపెండిసైటిస్ ఆపరేషన్ అయిన పీట్ విల్సన్ అనే సెనేటర్‌ని అర్ధరాత్రి అంబులెన్సులో తీసుకొచ్చి ఓటు వేయించారు. అయినా ఓట్లు సరిసమానం. ఉపాధ్యక్షుడు బుష్ ఓటుతో గట్టెక్కింది. తర్వాత అధ్యక్షుడు రీగనే దాన్ని వదిలేశాడు. 1986 ఎన్నికల్లో రిపబ్లికన్లు సెనేట్‌లో మెజారిటీ పోగొట్టుకున్నారు. కారణాలు ఇంకా ఉన్నా, ఆ ఓటు చాలామంది మెడకు చుట్టుకుంది.

బహిరంగంగా ఆపితే ఓట్లు పోతాయని తెలిశాక దృష్టి కొలబద్ద మీదికి మళ్లింది. 2013లో ఒబామా తన బడ్జెట్‌లో పెంపును లెక్కగట్టే ధరల సూచీనే మార్చుదామన్నాడు. ఒక వస్తువు ధర పెరిగితే జనం చవకైన మరోదానికి మారతారు కదా, ఆ మార్పునూ లెక్కలోకి తీసుకోవాలన్నది వాదం. తేడా ఏడాదికి పావు శాతం పైచిలుకే. ఇరవై ఏళ్లకు అది అయిదారు శాతం అవుతుంది, అంటే దెబ్బ ఎక్కువగా తగిలేది ఎనభై దాటినవాళ్లకు. ధర పెరిగిందని బీపీ మాత్రకు బదులు ఇంకేది వేసుకుంటారు? సొంత పార్టీవాళ్లే తిరగబడ్డారు. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ఆ ప్రతిపాదన లేదు.

మన డీఆర్‌కు ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ. 2020 సెప్టెంబరు నుంచి దాని ఆధార సంవత్సరం 2001 నుంచి 2016కి మారింది. అందులో ఆహారం వాటా 46 శాతం నుంచి 39కి తగ్గింది. ఇది కుట్ర అనను, కార్మికుల ఇళ్లలో ఖర్చులు నిజంగానే మారాయి. కానీ అది పనిచేసే వయసువాళ్ల ఇంటి బడ్జెట్. మోకాళ్ల ఆపరేషన్, ఇన్సులిన్, ఇంట్లో సాయానికి పెట్టుకున్న మనిషి జీతం ఉన్న బడ్జెట్ కాదు. అమెరికాలో వృద్ధుల కోసం ప్రయోగాత్మకంగానైనా ఒక విడి సూచీ లెక్కగడుతున్నారు. మనమూ అడగాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. 2025 జులై నుంచి కేంద్రం డీఆర్ 58 శాతం చేసింది. ఆ లెక్కన బేసిక్ పింఛను లక్ష ఉన్నాయనకు 58,000 వస్తుంది. కనీస పింఛను 9,000 ఉన్నాయనకు 5,220. ఇద్దరూ కొనేది ఒకే బజార్లో. అయిదో వేతన సంఘానికి ముందు ఇలా ఉండేది కాదు. కింది శ్రేణికి ధరల పెరుగుదలంతా పూడ్చేవారు, పై శ్రేణులకు 75, 65 శాతమే ఇచ్చేవారు. అది అన్యాయమని సంఘాలు పోరాడి 1996 నుంచి అందరికీ సమానం చేయించుకున్నాయి. నన్నడిగితే, ఖజానాకు నిజంగా కష్టమొచ్చిన ఏడాది లక్ష దాటిన పింఛనుకు డీఆర్ ఒక విడత ఆలస్యమైనా ఫర్వాలేదు. నా పింఛను అంత లేదు కాబట్టి ఇలా అంటున్నానని అనుకుంటే అనుకోండి.

ఎందుకంటున్నానంటే, డీఆర్ అనేదే లేనివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. ఫ్యాక్టరీల్లో, ప్రైవేటు కంపెనీల్లో, సహకార సంస్థల్లో చేసి 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద పింఛను తీసుకునేవాళ్లు దేశంలో 70 లక్షల పైనే. 2014 సెప్టెంబరులో కనీసం 1,000 రూపాయలన్నారు. ఇప్పటికీ 1,000 రూపాయలే. మన డీఆర్ లెక్కగట్టే ఆ సూచీతోనే చూసినా, అప్పటి వెయ్యికి 2025 చివరికి సుమారు 1,680 కావాలి. వీళ్ల అంకెను ఎవరూ తగ్గించలేదు, పెంచలేదంతే.

ప్రభుత్వం చెప్పే కారణం కూడా వినాలి. ఈపీఎస్ నిధిలోకి యజమాని కట్టేది జీతంలో 8.33 శాతం, అదీ 15,000 పరిమితికి లోబడి. కేంద్రం ఇచ్చేది 1.16 శాతం. ఆ నిధి లోటులో ఉంది, డీఆర్ తగిలిస్తే నిలవదంటున్నారు. లెక్క తప్పు కాదు. కానీ 1,000 కనీసం చేసినప్పుడు తేడాను బడ్జెట్ నుంచే ఇచ్చారుగా! అంటే అడ్డం నిధి ఒక్కటే కాదు. పాత పింఛను వర్తించని, 2004 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులు గట్టిగా అడిగాకే 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏకీకృత పింఛను పథకం (యూపీఎస్)లో డీఆర్ చేరింది. ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగులకు తెచ్చిన గ్యారంటీ పింఛను (జీపీఎస్) చట్టంలోనూ పెట్టారు. ఈపీఎస్ వాళ్లకు సచివాలయంలో సంఘం లేదు, సమ్మె చేస్తే ఆగే ఫైలూ లేదు.

మీరు ఇవాళ ఆమోదించబోయే తీర్మానం చూశాను. మొదటి అంశం మన డీఆర్ బకాయిలు, ఆఖరిది ఈపీఎస్ వాళ్లకు సంఘీభావం. ఈ రెంటి స్థానాలు మార్చాలని, సంఘీభావం అన్నచోట కనీస పింఛను 7,500, దానిమీద డీఆర్ అన్న వాళ్ల డిమాండునే రాయాలని నా ప్రతిపాదన. కాదనేవాళ్లు ఉంటారని తెలుసు. అధ్యక్షులవారు అనుమతిస్తే చర్చ ఇక్కడి నుంచే మొదలుపెడదాం.