జీడి యాప్‌లో రెండేసి చీటీలు: తప్పు ఎక్కడ? శ్రీకాకుళం స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. ఉద్దానంలో జీడిగింజల కొనుగోలుకు వాడే ఒక యాప్‌కి శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ వచ్చింది. శనివారం పొద్దున్నకల్లా ఒక్కో రైతు పేరు మీద ఒకే తూకానికి రెండేసి చీటీలు, కాటాల దగ్గర గొడవలు. ఆ కోడ్ ఏఐతో రాయించారని అంటున్నారు. తప్పు ఏఐదేనా?

ఇంజినీరు: కాదండీ. కోడ్ ఎవరు రాసినా తప్పులుంటాయి. శుక్రవారం సాయంత్రం నూటికి నూరు మందికీ ఒకేసారి వదిలారు, తప్పు అక్కడుంది. ప్లే స్టోర్‌లో విడతలవారీ రిలీజ్ ఉంది కదా. ముందు 1 శాతం మందికి ఇచ్చి, ఒక రోజు క్రాష్‌లు చూసుకుని, తర్వాత 5, 20, 50...

రైతు: బాబూ, 1 శాతమంటే ఏటి? ఒకే కాటా కాడ ఒకడికి కొత్తది, పక్కోడికి పాతదీనా?

ఇంజినీరు: మంచి ప్రశ్న. ఆ శాతంలో ఎవరు పడతారో మనం ఎంచుకోలేం. అందుకే ఫీచర్ ఫ్లాగ్ పెట్టుకోవాలి. కొత్త కోడ్ అందరి ఫోన్లకీ వెళ్తుంది కానీ నిద్రలో ఉంటుంది. సర్వర్‌లో ఉన్న స్విచ్‌తో ముందు ఒక్క కాటాకి తెరుస్తాం. తేడా వస్తే నిమిషంలో మూసేస్తాం.

ప్రొడక్ట్ మేనేజర్: నేనొక మాట చెప్పాలి, అసలు...

ఇంజినీరు: పూర్తి చేయనివ్వండి మేడం. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ప్లే స్టోర్‌లో రిలీజ్ ఆపేస్తే కొత్తవాళ్లకి వెళ్లడం ఆగుతుంది, అంతే. అప్పటికే అప్‌డేట్ అయిన ఫోన్లలో పాత వెర్షన్ దానంతటది తిరిగి రాదు. పాత కోడ్‌కే ఇంకా పెద్ద వెర్షన్ నంబరు వేసి మళ్లీ పంపాలి. ఆ లోపల కాటా ఆగదు కదా!

యాంకర్: కానీ ఏఐ రాసిన కోడ్‌ని మనుషులు చదవకుండానే...

ఇంజినీరు: 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ సంగతి చూడండి. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు. దాదాపు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అక్కడ ఏఐ ఎక్కడుందండీ?

టెస్టర్: అదే ఉదాహరణలో మీరు వదిలేసింది నేను చెప్తాను. వాళ్లు ఎప్పటిదో పాత ఫ్లాగ్‌ని కొత్త పనికి వాడారు. కొత్త కోడ్ ఎక్కని ఆ ఒక్క సర్వర్‌లో దాంతో పాత కోడ్ లేచింది. ఫ్లాగ్ పెట్టమంటున్నారు సరే, పని అయ్యాక తీసేసే తేదీ కూడా రాసుకోవాలి. ఇక రెండు చీటీల మాట. షెడ్డులో సిగ్నల్ అంతంతమాత్రం. 'సేవ్' నొక్కారు, చీటీ సర్వర్‌కి చేరింది, జవాబు మాత్రం ఫోన్‌కి రాలేదు. యాప్ మళ్లీ పంపింది. సర్వర్ రెండో చీటీ రాసేసింది.

యాంకర్: దీనికి మందు?

టెస్టర్: చీటీ మొదలైనప్పుడే ఫోన్ ఒక ప్రత్యేక నంబరు వేసుకోవాలి. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు వెళ్లాలి. డేటాబేస్‌లో ఆ నంబరు రెండోసారి రాకుండా కట్టడి ఉండాలి. మళ్లీ వస్తే పాత చీటీనే జవాబుగా పంపాలి. టెస్ట్ చేసేటప్పుడు నెట్ ముందే తీసేస్తే లాభం లేదు. చీటీ సర్వర్‌కి చేరాక, జవాబు రాకముందు తెంపాలి. ఆఫీసు వైఫైలో ఈ బగ్ కనపడదు.

ఇంజినీరు: ఒక్క కాటాకే తెరిచి ఉంటే అక్కడే దొరికేది! నేను మొదటి నుంచీ చెప్తున్నది...

ప్రొడక్ట్ మేనేజర్: ఇప్పుడైనా నన్ను చెప్పనివ్వండి. రెండేసి చీటీల సమస్య తీరినా ఈ యాప్ నిలబడదు. ఇక్కడ జీడి లెక్క 80 కిలోల బస్తా. స్క్రీన్‌లో అడిగింది క్వింటాళ్లు, అదీ పూర్ణ సంఖ్యలే. మూడు బస్తాలంటే 240 కిలోలు, 2.4 క్వింటాళ్లు. 2 అని కొడితే రైతుకి 40 కిలోలు పోతాయి, 3 అని కొడితే కొనేవాడికి 60 పోతాయి. ఇది ఏ టెస్టులోనూ దొరకదు, ఎందుకంటే యాప్ ఎలా ఉండాలో రాసిచ్చిన కాగితంలోనే క్వింటాలని ఉంది. కోడ్ మొదలెట్టకముందే...

రైతు: అదండీ! అమ్మ సరిగ్గా సెప్పింది.

ప్రొడక్ట్ మేనేజర్: ...కాగితం మీద స్క్రీన్లు గీసుకుని కాటా దగ్గర రెండు పొద్దులు కూర్చోవాలి. ఐదుగురి చేత చీటీ రాయిస్తే చాలు, ఇలాంటి పెద్ద తప్పులు బయటపడతాయి. బటన్ మీద 'ఇచ్ఛాపురం' అని ఉంటే కింది వత్తు సగానికి తెగిపోతోంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి పెట్టిన బటన్ తెలుగుకి చాలదు.

యాంకర్: అంటే 80 కిలోల బస్తా సంగతి ఏఐకి తెలియదు, అంతేగా?

ప్రొడక్ట్ మేనేజర్: ఏఐ అయినా మనిషైనా, అడగనిదే...

ఇంజినీరు: బస్తాల లెక్క కూడా రిలీజ్ సమస్యేనండీ! డేటాబేస్‌లో బరువు గ్రాముల్లో దాచి, తెర మీద బస్తాల్లో చూపించాలి. అలాగని క్వింటాళ్ల కాలమ్‌ని ఒక్క దెబ్బకి మార్చకూడదు. ముందు కొత్త కాలమ్ చేర్చాలి. కొన్నాళ్లు రెండింట్లోనూ రాయాలి. పాత లెక్కలు కొత్తదాంట్లోకి నింపాలి...

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

రైతు: బాబూ, నాది ఒకటే మాట. శనివారం నాటి రెండు చీటీల్లో దేనికి డబ్బులిస్తారు?

యాంకర్: ఆ మాటకి వద్దాం. ముందు ఇంజినీరు గారూ, ఒక్క ముక్కలో చెప్పండి, ఏఐ కోడ్‌ని నిషేధించాలా?

ఇంజినీరు: అది కాదు ప్రశ్న. పాత వెర్షన్ ఎవరి ఫోన్లోనూ లేదని తేలాకే పాత కాలమ్ తీసేయాలి, అది కూడా శుక్రవారం కాదు, మంగళవారమో బుధవారమో పొద్దున్న...

టెస్టర్: ఆ చీటీలకి ప్రత్యేక నంబరు లేదు కాబట్టి, ఏది అసలుదో కాటా పుస్తకం చూసే...

యాంకర్: సమయం అయిపోయింది. ఏఐ మీద చర్చ రేపు కూడా కొనసాగుతుంది.