బెంగళూరు మేడ మీద పాపీలు, అత్తయ్యగారి గసగసాల డౌటు

హాయ్ అండీ, నమస్తే. "ఆ ఎర్రపూలు చూపించవే" అని తెనాలి నుంచి మా పెద్దమ్మ రోజూ ఫోన్. అందుకే ఇవాళ వంట వీడియో పక్కన పెట్టి మేడ మీదికి వచ్చేశాను. మధ్యమధ్య మారతహళ్ళి హారన్లు వినపడతాయి, ఏమీ అనుకోకండి.

ఇవి షిర్లీ పాపీలు. ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్ళూ వీటిని పెంచాలనే అనిపించలేదు. జూన్ వస్తే రోడ్ల గట్ల మీద, చేల అంచుల్లో వీటి అడవి రకం వాటంతటవే ఎర్రగా పూసేవి. నవంబరులో అయితే అక్కడ చాలామంది కోటుకి ఒక కాగితం పాపీ పెట్టుకుంటారు, యుద్ధాల్లో పోయిన సైనికుల జ్ఞాపకంగా. ఆఫీసుకి నేనూ పెట్టుకెళ్ళేదాన్ని. అక్కడుంటే తెనాలి మీదికి మనసు పోయేది, ఇక్కడికొచ్చాక ఆ రోడ్డు గట్లు గుర్తొస్తున్నాయి. ఏంటో నా గోల.

ఈ తోట రకం 1880ల నాటిది. లండన్ దగ్గర షిర్లీలో విలియం విల్క్స్ అని ఒక చర్చి ఫాదర్ ఉండేవారు. అడవి పాపీల్లో ఒక్క పువ్వుకి రేకుల అంచు తెల్లగా కనపడితే దాని విత్తనం దాచి, ఏటేటా మంచివి ఏరుకుంటూ గులాబీ, తెలుపు రంగులు తెప్పించారు. ఎంత ఓపికో!

విత్తనాల ప్యాకెట్ అక్కడ రెండున్నర పౌండ్లు, మన లెక్కలో మూడొందలకి కాస్త అటూ ఇటూ. ఇక్కడ ఎనభై రూపాయలకే దొరికింది. ఆ ఎనభైకి బెంగళూరులో ఆటోవాడు సందు చివరిదాకా కూడా రాడు.

ఇంగ్లండ్‌లో వేసవి పువ్వు, ఇక్కడ చలికాలం పంట. ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఆ చల్లదనం సరిపోతోంది. దీపావళి వెళ్ళాక విత్తనాలని పొడి ఇసుకలో కలిపి తడిమట్టి మీద చల్లేశాను. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. నీళ్ళు కూడా స్ప్రేతోనే, చెంబుతో పోస్తే అన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. వంగనారులా పీకి వేరేచోట నాటడం కుదరదండీ. తల్లివేరు కదిలిందంటే మొక్క వాలిపోతుంది. జానెడుకి ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించాలి. అది చూసి మా అత్తయ్యగారు, "బతికిన మొక్కని చంపుతావేంటమ్మా" అని ఒక పూట నాతో మాట్లాడలేదు.

మొగ్గ తల వంచుకుని ఉంటుంది, విచ్చే ముందు నిటారుగా లేస్తుంది. పువ్వు ఉండేది ఒకటి రెండు రోజులే.

ఇప్పుడు అసలు టెన్షన్. అత్తయ్యగారు కాయ చూసి, "ఇవి గసగసాలేగా, కుర్మాలోకి కొనక్కర్లేదు" అన్నారు. కింది ఇంటి ఓనరాంటీ ఇంకో అడుగు ముందుకేసి, "పోలీసులొస్తారేమో" అంది. ఇద్దరికీ ఒకటే జవాబు. గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచి, అది వేరే జాతి. దాన్ని లైసెన్సు లేకుండా పెంచితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అదే మత్తుమందుల చట్టం కింద నేరం. ఆ లైసెన్సులు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకి కేంద్రం ఇస్తుంది. మనవి అందానికి పూసే పూలు. అన్నట్టు దుబాయ్ వెళ్ళే చుట్టాలూ, సూట్‌కేసులో గసగసాలు పెట్టకండి, అక్కడ నిషేధం. ఇంత చెప్పాక ఓనరాంటీ నవ్వేసి గసగసె పాయసం పంపింది. కన్నడవాళ్ళ పాయసం మాత్రం సూపరండీ, రెసిపీ అడిగి ఇంకో వీడియో పెడతాను.

మళ్ళీ ఏడాదికి విత్తనం కావాలంటే కొన్ని కాయలు మొక్క మీదే ఎండనివ్వాలి. మూత కింద చిన్న కన్నాలు తెరుచుకుంటాయి, వంచితే ఉప్పు డబ్బాలా రాలుతుంది. కాగితం కవరులో పోసి పొడిచోట దాచండి. ఓరియంటల్ పాపీ అని ఏళ్ళ తరబడి బతికే రకం ఒకటుంది, దాన్ని వేరుముక్కలతో పెంచుతారు. దానికి గట్టి చలి కావాలి, మన బెంగళూరు చలి ఏ మూలకీ చాలదు.

పెద్దమ్మా, నీకు విత్తనాలు కొరియర్ చేస్తాను. తెనాలి ఎండ ముదరకముందే పూయాలి కాబట్టి నవంబరు దాటనివ్వకు. కవరు మీద పాపీ అని రాయనులే, బాబాయి కంగారు పడతాడు. పూల విత్తనాలు అని రాస్తాను.