సొరుగు అంచున ఒక వంపు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట మీకు ఒక సైడ్‌బోర్డు గురించి చెప్పాలని వచ్చాను. భోజనాల గదిలో గోడ వారగా, నడుము ఎత్తున, పొడుగ్గా ఉంటుంది. పళ్ళాలు, చెంచాలు, టేబుల్ గుడ్డలు అందులో సర్దుతారు. వడ్డనకు ముందు గిన్నెలు దాని మీద పెడతారు. 1950, 60 దశకాల్లో డెన్మార్క్‌లో చేసిన సైడ్‌బోర్డులంటే ఇప్పటికీ పడిచచ్చేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

నాకు ప్రాణమైనది డెన్మార్క్ డిజైనర్ ఆర్నె వోడర్ గీసిన నమూనా. సిబాస్ట్ అనే సంస్థ తయారుచేసింది. పేరంటూ లేదు, 29వ నంబరు, అంతే. రెండు మీటర్లకు పైనే పొడవు, సన్నటి గుండ్రటి కాళ్ళు.

ఒకసారి పాత సామాన్ల దుకాణంలో దాన్ని చూశాను. సొరుగు తెరుద్దామని పిడి కోసం వెతికాను. పిడి లేదు. ఇత్తడి గుబ్బ లేదు, కనీసం మేకు తల కూడా లేదు. సొరుగు అంచునే వంపుగా తొలిచారు. నదిలో అరిగిన రాయిలా నున్నటి వంపు. వేలు పెట్టాను, వేలు తనంతట తనే అందులోకి వెళ్ళి కూర్చుంది. ఎన్ని చేతులు తగిలి అంత నునుపు వచ్చిందో!

దాని తలుపులు పక్కకు జరుగుతాయి. ఒకవైపు చెక్క చారలు, రెండోవైపు రంగు. తలుపు ఊడదీసి తిప్పి పెట్టుకోవచ్చు. అదే మా ఇంట్లో ఉంటే, మామూలు రోజుల్లో చెక్క వైపు, సంక్రాంతికి రంగు వైపు తిప్పుకుంటాను.

ఇక అసలు విషయం. ఇంగ్లండ్‌లో ఉండే మా చెల్లెలు ఆ కాలపు టేకు సైడ్‌బోర్డు ఒకటి పాతది కొనుక్కుంది. వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడింది. సాండ్‌పేపర్ తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి నాకు ఫోను. "అక్కా, టేకు కింద ఇంకేదో చెక్క కనబడుతోందే! మోసపోయామా?"

మోసం ఏమీ లేదు. కాళ్ళు, అంచులు, పిడి వంపులు గట్టి టేకే. కానీ వెడల్పాటి పలక ఒకే చెక్కతో చేస్తే, చలిదేశంలో హీటర్ల వేడికి మెలిపడుతుంది, బీటలిస్తుంది. అందుకని లోపల కదలని పలక పెట్టి, పైన పల్చటి టేకు పొర అతికిస్తారు. అదే వెనీర్. పైగా డెన్మార్క్‌లో టేకు పెరగదు, థాయిలాండ్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. ఒకే దుంగ నుంచి వరసగా తీసిన పొరల్ని, చారలు కలిసేలా పక్కపక్కన పేర్చడం గొప్ప పనితనం. ఆ పొర చాలాసార్లు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. సాండ్‌పేపర్‌కి అదెంత? నాలుగు రుద్దులు.

అందుకే చెబుతున్నాను, సాండ్‌పేపర్ వద్దు. ముందు అంచు దగ్గర వంగి చూడండి. పై చారలు అంచు దాటి కిందికీ సాగుతుంటే గట్టి చెక్క కావచ్చు. అంచు దగ్గర టక్కున ఆగి, సన్నటి గీత కనిపిస్తే వెనీర్. అనుమానంగా ఉంటే వెనీరే అనుకోండి. సాండ్‌పేపర్ వద్దు.

మరి మచ్చ? కొన్నాళ్ళు అలా వదిలేయండి, ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది. వార్నిష్ లేని టేకైతే, మెత్తటి గుడ్డతో కొద్దిగా టేకు నూనె చార వెంబడి రాసి, మిగిలింది తుడిచేయండి. ఒక్క జాగ్రత్త. ఆ గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి. టేకు నూనె పేరుతో అమ్మే చాలావాటిలో అవిసె నూనె ఉంటుంది, ఆ గుడ్డ లోపల వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట విడిగా పరిచి పూర్తిగా ఆరాకే పారేయండి.

సెలవు.