ఒక ట్రాక్టరు, రెండు ట్రాలీలు

శ్రోతలకు నమస్కారం. వానాకాలం వెళ్ళాక మట్టిరోడ్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గుంతలు పూడాలంటే గ్రావెల్ కావాలి. గ్రావెల్ తోలాలంటే బండి కావాలి. ఏ బండి? ఈ కాసేపట్లో ఆ ఒక్క సంగతే చెబుతాను.

కెన్యాలో 1974లో పల్లెరోడ్ల పథకం ఒకటి మొదలైంది. పెద్ద యంత్రాలను కాక, పారా గునపం పట్టిన ఊరివాళ్ళను నమ్ముకున్న పథకం. తవ్వడం, చదును చేయడం మనుషులు చేస్తారు. మరి క్వారీ నుంచి గ్రావెల్ తట్టల్లో మోసుకురాలేరు కదా! లారీ పెడితే పారతో తలెత్తు దాటించి విసరాలి, సగం మళ్ళీ మొహం మీదే పడుతుంది. పైగా నింపుతున్నంతసేపూ అంత ఖరీదైన లారీ ఊరికే నిలబడి ఉండాలి.

అందుకని ట్రాక్టరు పెట్టారు. ఒక ట్రాక్టరు, రెండు ట్రాలీలు. నాకు ముచ్చటేసేది ఇదే. ఒక ట్రాలీ రోడ్డు మీదికి వెళ్తే, రెండోది క్వారీలో నిండుతుంటుంది. ట్రాక్టరు తిరిగొచ్చి ఖాళీది వదిలేసి, నిండినది తగిలించుకుని పోతుంది. నింపడానికి అరగంట, పోసి రావడానికి అరగంట అనుకోండి. ఒక్క ట్రాలీ అయితే గంటకో ట్రిప్పు. రెండుంటే అరగంటకో ట్రిప్పు. అదే ట్రాక్టరు, అదే డ్రైవరు. అదనంగా కొన్నది ఒక ఇనప తొట్టి, అంతే. క్వారీ బాగా దూరమైతే మాత్రం లారీయే మేలు. ట్రాక్టరు నడక మనకు తెలియంది కాదు.

మన ఊళ్ళలో ట్రాక్టర్లకు కొదవ లేదు. కొత్త యంత్రం కోసం ఎదురుచూసే బదులు రెండో ట్రాలీ సంగతి ముందు చూస్తే బాగుండుననిపిస్తుంది నాకు.

ఆ రెండో ట్రాలీ సంగతి చూసేవాళ్ళకు ఒక్క మాట. రెండు చక్రాల ట్రాలీని విప్పితే ముక్కు నేలకు వాలుతుంది. నిండాక దాన్ని ఎత్తడం మనుషుల వల్ల కాదు. కనక ముందు భాగానికి గట్టి కాలు ఉండాలి. కాలు మట్టిలో దిగబడకుండా కింద చెక్కపలక, చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు. గ్రావెల్ ముందు వైపు నుంచే నింపమనండి. వెనకే కుప్ప పోస్తే ట్రాలీ ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అక్కడ ఎవరి గడ్డం ఉంటుందో చెప్పలేం!