యూనియన్ ఊళ్లో పదిహేడుగురు అమ్మాయిలు

(న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల మహిళా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం, మార్చి 2026)

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. పొద్దున్నుంచి నిలబడి ఇంతమందికి పులిహోర కలిపిన అక్కయ్యలకు మరీ మరీ నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ‘మహిళా సాధికారత: నాడు, నేడు’. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు దాని గురించి చక్కగా చెప్పారు. నేను ఇంకో సంగతి ఎత్తుకుంటాను. చాలాకాలంగా ఎక్కడో ఒకచోట చెప్పాలని ఉంది, ఇవాళ మైకు దొరికింది.

ఇక్కణ్ణించి కారులో అరగంట వెళ్తే యూనియన్ అనే ఊరు వస్తుంది. కీన్ యూనివర్సిటీ ఉన్నది అక్కడే. మన పిల్లలు కూడా అక్కడ చదువుతున్నారు. 1975లో అది ఇంకా కీన్ కాలేజీ. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ 17 మంది అమ్మాయిలు కలిసి లాంబ్డా తీటా ఆల్ఫా అనే సొరోరిటీ, అంటే కాలేజీ అమ్మాయిల సంఘం, పెట్టారు. ఈ దేశంలో లాటినా, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, అమ్మాయిల కోసం పుట్టిన మొదటి సొరోరిటీ అదే. మొన్న డిసెంబరుకు దానికి 50 ఏళ్లు నిండాయి.

సొరోరిటీ అనగానే వెనక వరసలో కొందరు నాన్నలు ముఖం చిట్లించారు. చూశాను. మీ భయం గురించి కూడా మాట్లాడతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు అసలు కథ. అమెరికా కాలేజీల్లో ఈ సంఘాలు 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. మొదట మగపిల్లలవి, తర్వాత ఆడపిల్లలవి. గ్రీకు అక్షరాలతో పేర్లు, సొంత ఇళ్లు, చదువు అయ్యాక ఉద్యోగాల్లో ఒకరికొకరు దన్ను. ఆ తలుపులు తెల్లవాళ్లకే తెరుచుకునేవి. నల్లజాతి అమ్మాయిలు బతిమాలుతూ కూర్చోకుండా 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. మన శ్యామలా గోపాలన్ గారి అమ్మాయి కమలా హారిస్ అందులో సభ్యురాలే. 1913లో అక్కడే డెల్టా సిగ్మా తీటా పుట్టింది. పుట్టిన కొద్ది వారాలకే ఆ అమ్మాయిలు వాషింగ్టన్‌లో మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు.

మరి లాటిన్ అమెరికా కుటుంబాల అమ్మాయిలకు 1975 దాకా ఎందుకు ఆలస్యమైంది? కాలేజీ గడప దాటినవాళ్లే తక్కువ కాబట్టి. ప్యూర్టో రికో వాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే, కానీ ఇక్కడికి వచ్చి చేసినవి ఎక్కువగా ఫ్యాక్టరీ పనులు, పొలం పనులు. 1960ల్లో క్యూబా నుంచి వేల కుటుంబాలు విమానాల్లో దిగాయి. మన రాష్ట్రంలోని ఎలిజబెత్, యూనియన్ సిటీ అనే ఊళ్లు వాళ్లతో నిండాయి. 1967లో జాతి అల్లర్లలో న్యూవార్క్ తగలబడింది. ఆ మరుసటి ఏడాది మన రాష్ట్రం పేద పిల్లల కాలేజీ చదువుకు ఈఓఎఫ్ అనే నిధి పెట్టింది. 1972లో కేంద్రం గ్రాంటు మొదలుపెట్టింది, ఇప్పుడు మనం పెల్ గ్రాంట్ అంటున్నది అదే. అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. 1965లో ఇమిగ్రేషన్ చట్టం మారకపోతే మనలో ఎంతమందిమి ఈ హాల్లో ఉండేవాళ్లమో ఆలోచించండి. వాళ్లకూ మనకూ దారి తెరుచుకున్నది ఇంచుమించు ఒకే కాలంలో.

ఇక్కడ నాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ అమ్మాయిలు తమ సంఘానికి ప్యూర్టో రికో సంఘమనో క్యూబా సంఘమనో పేరు పెట్టలేదు. ‘లాటిన్ సొరోరిటీ’ అని పెట్టారు. ఐకమత్యం, ప్రేమ, గౌరవం అనే మూడు మాటలు స్పానిష్‌లో పెట్టుకున్నారు. లాటినాలు కాని అమ్మాయిల్ని కూడా చేర్చుకున్నారు. ఇరవై ఏళ్ల పిల్లలు! మరి మనం? ఆంధ్ర, తెలంగాణ, ఆ పైన కులం, ఆ పైన అధ్యక్ష పదవి. ఒక్క ఊళ్లో ఎన్ని సంఘాలున్నాయో మీకే తెలుసు. నాకు కష్టంగా ఉంటుందండీ, అందుకే అంటున్నాను.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు చెప్పను. నేను పనిచేసిన కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ. ప్యూర్టో రికో కుటుంబం. ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఉత్తరాలు వస్తే ఇంట్లో చదవగలిగింది తనొక్కతే. అమ్మానాన్నలకు అర్థం చెప్పేదీ తనే, సంతకాలు పెట్టించేదీ తనే. రెండో ఏడాదిలో నాన్నకు జబ్బు చేసింది. చదువు మానేసి పనికి పోదామనుకుంది. విత్‌డ్రాయల్ ఫారం నింపి కౌంటర్‌కు తీసుకెళ్లింది.

ఆ కౌంటర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్న అమ్మాయి ఈవిడ సొరోరిటీలో సీనియర్. ఆ కాగితం తీసుకోలేదు. “రేపు ఇవ్వు, ఇవాళ రాత్రి మీ ఇంటికొస్తాం” అంది. అన్నట్టే నలుగురు వెళ్లారు. వాళ్లమ్మ పెట్టిన అన్నం తిని, ఆ తల్లితో స్పానిష్‌లోనే మాట్లాడారు. చదువు పూర్తిగా మానక్కర్లేదని, ప్రొఫెసర్‌ను అడిగితే పరీక్షకు గడువిస్తారని, సబ్జెక్టులు తగ్గించుకోవచ్చని, అయితే ఎన్ని తగ్గిస్తే గ్రాంటు ఎంత తగ్గుతుందో చూసుకోవాలని వివరంగా చెప్పారు. ఆసుపత్రికి ఎవరు ఏ రోజు తోడు వెళ్లాలో వంతులు వేసుకున్నారు. ఆవిడ డిగ్రీ అందుకుంది. రిటైరయ్యేదాకా ఆ కౌంటర్లో కూర్చుని ఎంతమంది పిల్లల్ని ఆపిందో!

ఇక రెండో కాగితం. కొన్నేళ్లకు అదే కౌంటర్‌కు ఒక తెలుగమ్మాయి వచ్చింది. అదే ఫారం. “ఎవరితోనైనా మాట్లాడావా తల్లీ?” అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందట, ఫ్రెండ్స్‌కు తెలిస్తే సిగ్గట. సలహాదారు దగ్గరికి వెళ్లమన్నాను, వెళ్లలేదు. పిల్ల మేజరు. తను ఒప్పుకోకుండా తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పడం కూడా చట్టప్రకారం అంత సులువు కాదు. స్టాంపు వేశాను. ఆ అమ్మాయి దగ్గరికి రాత్రి నలుగురు వెళ్లలేదు. వెళ్లడానికి ఆ నలుగురు ఎక్కడున్నారు?

ఆ తర్వాత నేను ఒక తెలుగు సంఘం కమిటీ దగ్గరికి వెళ్లాను. కాలేజీలో చేరే మన ఆడపిల్లలకు సీనియర్లను జతచేద్దాం, పెద్ద ఖర్చేమీ ఉండదు అన్నాను. “మన పిల్లలు బాగా చదువుతారండీ, అవన్నీ వాళ్లకి అవసరం” అన్నారు. వాళ్లు అంటే ఎవరు? ఆ ఏడాది స్టేజి లైట్లకు ఎంత ఖర్చయిందో నాకు తెలుసు. ఆ మాట ఇప్పటికీ మంట పుట్టిస్తుంది.

సరే, ఆ లాటినా సంఘాలు ఎలా పెరిగాయో క్లుప్తంగా చెప్తాను. 1980లో రట్గర్స్‌లో కై అప్సిలాన్ సిగ్మా, మన ఎడిసన్ పక్కనే. 1986లో కాలిఫోర్నియాలోని చీకోలో లాంబ్డా తీటా ను. 1987లో టెక్సస్ టెక్‌లో నలుగురమ్మాయిలు కప్పా డెల్టా కై పెట్టారు. 1989లో ఆల్బనీలో ఒమేగా ఫై బీటా. 1990లో మొక్కజొన్న పొలాల అయోవాలో సిగ్మా లాంబ్డా గామా. 1998లో ఇలాంటి లాటినో సంఘాలు కలిసి ఒక జాతీయ సమాఖ్య ఏర్పాటు చేసుకున్నాయి. ఎక్కువమందికి సొంత భవనాల్లేవు. గది అడిగి తీసుకుని మీటింగులు పెట్టుకున్నారు, చందాలు వేసుకుని స్కాలర్‌షిప్‌లు ఇచ్చారు. చదువయ్యాక కూడా మెంబర్లే, జీతం వచ్చినవాళ్లు వెనకొచ్చే చెల్లెళ్లకు ఫీజు కట్టారు.

అదే 1998లో మన దక్షిణాసియా అమ్మాయిలు కూడా అదే పని చేశారు. నవంబరులో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, డిసెంబరులో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. రెండు నెలల్లో మూడు! మన సభల్లో ఎక్కడైనా ఎవరైనా ఈ మాట చెప్పగా విన్నారా? స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లలకు శాలువా కప్పుతాం, మంచిదే. ఈ అమ్మాయిల్ని ఒక్కసారైనా వేదిక మీదికి పిలిచామా?

ఇప్పుడు నాన్నలకు. మీ భయం అబద్ధం కాదు. కొత్తగా చేరేవాళ్లను హింసించడం, తాగించడం జరిగాయి, ప్రాణాలు పోయాయి. లాటిన్ సంఘాలకు, మన సంఘాలకు అది అంటదని నేను అనను. మన రాష్ట్రం 2021లో చట్టాన్ని కఠినం చేసింది. 2024 డిసెంబరులో కేంద్ర చట్టం వచ్చింది. ఏ సంఘం మీద ఏ తప్పు రుజువైందో కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. కాబట్టి “వద్దు” అనేముందు పక్కన కూర్చుని ఆ పేజీ తెరవండి. మీ అమ్మాయితో కలిసి చదవండి. రాత్రివేళ ఏం చేయిస్తారు, డబ్బెంత, వద్దంటే మానేయనిస్తారా అని అడగమనండి. సరైన జవాబులు రాకపోతే వద్దనండి, నేనూ మీ పక్షమే. వచ్చాయా, అడ్డు చెప్పకండి.

అమ్మాయిల్లారా, మీరు చేరినా చేరకపోయినా మీ ఇష్టం. ఇంట్లో చెప్పుకోలేని కాగితం ఒకటి చేతిలోకి వచ్చిన రోజు మాత్రం ఒంటరిగా కౌంటర్‌కు వెళ్లకండి.

అధ్యక్షులు గారు టైమ్ అయిందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. రిజిస్ట్రేషన్ బల్ల మీద ఒక నోటుబుక్ పెట్టించాను. ఈ ఆగస్టులో కాలేజీకి వెళ్తున్న ఆడపిల్లలున్న ఇంటివాళ్లు కాలేజీ పేరు, ఫోన్ నంబరు రాయండి. ఇప్పటికే అక్కడ చదువుతున్నవాళ్లు, చదివి బయటికొచ్చినవాళ్లు రెండో పేజీలో రాయండి. జతలు కలిపే పని నాది. ట్రెజరర్ గారూ, ఈ ఏడాది లైట్ల బడ్జెట్‌లోంచి ఈ పనికి ఎంత ఇస్తారో భోజనాలకు లేచేలోపు ఈ మైకులోనే చెప్పాలి. నేను ఇక్కడే నిలబడతాను.