మంచం దింపే వైద్యం

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో పెద్దవాళ్ళ గురించి “మంచాన పడ్డారు” అంటే, ఇక లేవరనే లెక్క. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం, అంటే జెరియాట్రిక్స్, ఆ లెక్కను ఒప్పుకోకపోవడంతోనే మొదలైంది.

1935లో లండన్ పడమటి అంచున ఐల్‌వర్త్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పక్కనున్న పేదల వైద్యశాలను తనలో కలుపుకుంది. దాంతోపాటు 714 మంది రోగులూ వచ్చారు. చాలామంది ఏళ్ళ తరబడి పడుకునే ఉన్నవాళ్ళు. వాళ్ళ బాధ్యత మార్జొరీ వారెన్ అనే డాక్టరు మీద పడింది. ఆవిడ అద్భుతాలేమీ చేయలేదు. ఒక్కొక్కరినీ పరీక్షించి ఎవరికి ఏ జబ్బో తేల్చారు. ముసలితనం జబ్బు పేరు కాదు కదా! లేవరనుకున్నవాళ్ళలో ఎందరో లేచి నడిచారు. కొందరు ఇళ్ళకే వెళ్ళిపోయారు.

1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ, అందరూ ఎన్‌హెచ్ఎస్ అనే వ్యవస్థ, మొదలైంది. ఇలాంటి పాత వార్డులెన్నో దాని వాటాకు వచ్చాయి. అక్కడ పనిచేయడానికి ఆ దేశపు యువ డాక్టర్లు పెద్దగా ముందుకు రాలేదు. గుండె వైద్యంలోనో సర్జరీలోనో స్థిరపడాలని వెళ్ళి, ఆ తలుపులు తెరుచుకోక ఇటు వచ్చిన భారత ఉపఖండపు డాక్టర్లే ఆ విభాగాన్ని చాలావరకు నిలబెట్టారు. వాళ్ళకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

ఈ వైద్యంలో నైపుణ్యం ఎక్కడుందంటే, ఒక చిన్న పరీక్ష చెబుతాను. రోగిని కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చోమంటారు. డాక్టరు గడియారం చూస్తూనే ఇంకా చాలా చూస్తారు. లేవడానికి కుర్చీ చేతుల మీద ఎంత బలం పెట్టారు? నిలబడగానే కళ్ళు తిరిగాయా? తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు వేశారు? రాత్రి బాత్‌రూముకు వెళ్తూ పడిపోయిన ఎనభై రెండేళ్ళావిడ ఉన్నారనుకోండి. విరిగిన మణికట్టుకు కట్టు కట్టడం తేలిక. ఎందుకు పడ్డారన్నదే అసలు ప్రశ్న. మూత్రం ఎక్కువ పోయే మాత్రను సాయంత్రం వేసుకుంటున్నారు, రక్తపోటు మాత్ర మోతాదు ఎక్కువైంది, కంట్లో శుక్లం ఉంది, చెప్పులు వదులు. మొదటి మాత్రను పొద్దుటికి మార్చితే రాత్రి నడకలు తగ్గవచ్చు. బెర్నార్డ్ ఐజాక్స్ అనే వైద్యుడు కదలలేకపోవడం, తూలిపడటం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతి తప్పడం అనే నాలుగింటినీ ఈ వైద్యానికి ఎదురయ్యే మహాకాయులన్నారు. ఏ ఒక్కటీ ఒకే అవయవానికి చెందిన సమస్య కాదు.

అందుకే ఈ డాక్టర్లు ఇప్పుడు తమ వార్డు దాటి బయటికొచ్చారు. తుంటి ఎముక విరిగినవారి వివరాల కోసం 2007లో జాతీయ స్థాయి నమోదు మొదలైంది. 2010 నుంచి ఇంగ్లండ్‌లో, 36 గంటల్లో ఆపరేషన్, 72 గంటల్లో వృద్ధుల వైద్య నిపుణుల పరీక్ష వంటి షరతులు నెరవేర్చిన ఆసుపత్రికి అదనపు చెల్లింపు పెట్టారు. ఆ తర్వాత తుంటి విరిగినవారిలో తొలి నెల రోజుల మరణాలు తగ్గాయి. చాలా చోట్ల అత్యవసర విభాగం గుమ్మంలోనే ఈ నిపుణులుంటున్నారు. 2017 నుంచి ఇంగ్లండ్‌లో కుటుంబ వైద్యులు 65 దాటినవారిలో బాగా బలహీనపడినవారిని గుర్తించాలి. ఇంటి దగ్గరే ఆసుపత్రి స్థాయి వైద్యం అందించే ఏర్పాట్లూ పెరుగుతున్నాయి.

ఇదంతా మంచిదే, ఇంట్లో చూసేవాళ్ళుంటే. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ వైద్యం ఉచితం. ఇంట్లో స్నానం చేయించడానికి, భోజనం పెట్టడానికి వచ్చే మనిషికి మాత్రం, ఆస్తిపాస్తులు చూసి చాలామంది నుంచి డబ్బు తీసుకుంటారు. ఆ మనిషి దొరికేదాకా, జబ్బు నయమైన రోగి కూడా ఆసుపత్రిలోనే ఉండిపోతారు. పడుకున్న కొద్దీ కాళ్ళలో కండ కరుగుతుంది. అందుకే పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆసుపత్రి గౌను విప్పించి, ఆయన సొంత చొక్కా తొడిగించి, పక్కనున్న కుర్చీలో కూర్చోబెడతారు. ఇంటికి ఎప్పుడు పంపిస్తారని ఆయన అడుగుతారు. సాయంత్రం చెబుతామంటారు.