తాతల నాటి హక్కుకు చట్టం ఇచ్చే విలువ ఎంత?

ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల పాత బెజవాడలో అర్చకత్వం మీద తగవు వచ్చినప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది: "ఇది మా మిరాశీ. తరతరాలుగా మాదే." మిరాశీ అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు. ఆ వాదన కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో ఈ రోజు చూద్దాం.

ముందు పక్కనే ఉన్న గుంటూరు జిల్లాకు వెళ్దాం. తెనాలి తాలూకా పెరవలిని విడదీసి కొత్త గ్రామం చేసినప్పుడు మునసబు, అంటే గ్రామాధికారి, ఎవరన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1895 నాటి మద్రాసు చట్టం ప్రకారం ఆ ఉద్యోగం పాత మునసబు కుటుంబానికే దక్కాలి. వంశాన్ని బట్టి ప్రభుత్వ ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు తేల్చేసింది. మిగిలిన కరణీకాలను (ఊరి లెక్కలు రాసే పదవులను), మునసబు పదవులను 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఊడ్చేసింది.

మరి గుడి సంగతి? గుళ్ల నిర్వహణపై ప్రభుత్వం వేసిన చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత వచ్చిన 1987 దేవాదాయ చట్టం, 34వ సెక్షన్‌తో అర్చకుల వంశపారంపర్య హక్కును, 144వ సెక్షన్‌తో ఆదాయంలో వాటాలను తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజ ఎలా జరగాలో ఆగమం, అంటే ఆలయ పూజా శాస్త్రం, చెబుతుంది, అందులో ప్రభుత్వం వేలు పెట్టకూడదు. అర్చకుణ్ణి నియమించడం మాత్రం లౌకిక వ్యవహారం అన్నది కోర్టు తర్కం. నాకైతే ఈ గీత కాగితం మీద ఉన్నంత స్పష్టంగా గర్భాలయంలో కనిపించదు.

2007 సవరణ కొంత వెనక్కి తగ్గింది. 1987 చట్టానికి ముందు నుంచే సేవలో ఉన్న అర్చక కుటుంబాల్లో అర్హత ఉన్నవారు కొనసాగవచ్చు. రుసుములు, మిరాశీ వాటాలు మాత్రం తిరిగి రావు. ఇది సబబైన మధ్యేమార్గమే అంటాను. పదేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని మంత్రం, ముద్ర నేర్చుకోవడం నిజంగా చదువే. హుండీలో వాటా చదువు కాదు.

కానీ ఈ వాదమంతా ఆదాయం ఉన్న గుళ్ల గురించే. సందులో ఉండే చిన్న రామాలయం అర్చకుడికి హక్కు ఉన్నా పళ్లెంలో పడేది చిల్లరే. అతనికి 34వ సెక్షన్ కన్నా చిన్న గుళ్లకు ప్రభుత్వం ఇచ్చే ధూప దీప నైవేద్యం పథకం సొమ్ము నెలనెలా అందడమే ముఖ్యం.

మీ ఇంట్లో ఇలాంటి తగవు ఉంటే, ముందు దేవాదాయ శాఖలో మీ గుడి 43 రిజిస్టరు (చట్టంలోని 43వ సెక్షన్ కింద గుడి వివరాలు నమోదు చేసే రిజిస్టరు) నకలు తీయించుకోండి. వకీలు దగ్గరికి ఆ తర్వాత వెళ్లవచ్చు.